ఈల తాత సైటు

కొత్త బ్యాచ్ మొదలైన ప్రతిసారీ, మొదటి రోజు పొద్దున్న, ప్లైవుడ్ గోడ అవతల ముందు ఒక ఈల వినిపిస్తుంది. ఆ వెనకే నవ్వు. ఈల సన్నగా, గాలికి వదిలేసిన దారంలా మొదలై, ఒకచోట తెగి, మళ్ళీ అతుక్కుంటుంది. తెగినచోటే నవ్వు పుడుతుంది. గోడకి ఇవతల, వెబ్ డిజైన్ నేర్పే ఆ సంస్థ ముందు గదిలో, రిసెప్షన్ బల్ల వెనక కూర్చునే అమ్మాయి ఆ వేళకి ఏదో ఒక పని కల్పించుకుంటుంది. పెన్నులు సర్దుతుంది. కొత్తవాళ్ళ ఐడీ కార్డులకి తాళ్ళు కడుతుంది.

ఆ ఈల ఆమె తండ్రిది. ఆ ఈలతో తెరుచుకునే వెబ్‌సైటు చేసింది ఆమె. ఈ సంగతి ఆ భవనంలో ఎవరికీ తెలియదు.

"కొత్తవాళ్ళు చేసే తప్పుల్ని ఊరంతా తిరిగి వెతుక్కోనక్కర్లేదు," అంటాడు లోపల డిజైన్ సార్. "ఈ మహానుభావుడు అన్నీ ఒకే చోట పోగేసి పెట్టాడు. చూడండి, గుమ్మంలో కాలు పెట్టామో లేదో చెవిలో ఈల వేసేస్తున్నాడు ఈల తాత. పిలిచామా? అడిగామా?" నవ్వు. "నీలం మీద ఎర్ర అక్షరాలు. కళ్ళు పోయాక తీరిగ్గా చదువుకోవచ్చు." నవ్వు. "పెట్టెలు ఎగురుతున్నాయి. ఎవరిది వాళ్ళు చూసి పట్టుకోండి." ఈసారి బల్లలు కూడా నవ్వుతాయి.

తండ్రి పెట్టెలు బాగుచేస్తాడు. ఊడిన చక్రాలు, విరిగిన పిడులు, పళ్ళు వదిలేసిన జిప్పులు. మెట్ల కింద కొట్టు. నిలబడితే తల తగులుతుంది కాబట్టి ఆయన జీవితమంతా కూర్చునే బతికాడు. ఆమె చిన్నప్పుడు తెరిచిన పెట్టె మూతలో నిద్రపోయేది. నాన్న పెట్టెల్ని బోర్లించి దులిపితే మూలల్లోంచి ఇసుక రాలేది. తను ఎన్నడూ చూడని సముద్రాలు ఇలా చిటికెడు చిటికెడు కాళ్ళ ముందు రాలుతుంటే, ఆ పిల్ల వేలితో వాటి మీద అలలు గీసుకునేది. పని చేస్తున్నంతసేపూ ఆయన ఈల వేస్తూనే ఉండేవాడు. ఆ ఈల ఆగిందంటే జిప్పు కదిలిందని అర్థం.

సైటు చేసినప్పుడు ఆమెకి పంతొమ్మిదేళ్ళు. పక్క కొట్టు తాళాల బాబాయ్ పారేయబోయిన కంప్యూటరు ముందు కూర్చుని, వీడియోలు చూసుకుంటూ చేసింది. పక్కన స్టూలు మీద నాన్న. "అన్నీ పెట్టమ్మా. దేన్నీ బయట వదిలెయ్యకు," అన్నాడు. వదల్లేదు. ప్రతి వాక్యానికీ ఒక కొత్త చొక్కా తొడిగినట్టు ఒక్కోదానికి ఒక్కో రకం అక్షరాలు పెట్టింది. కొట్టు ఫొటో ఎంత పెద్దదంటే, తెర మీద పైనుంచి మెల్లగా దిగేది: ముందు బోర్డు, తర్వాత నాన్న జుట్టు, నుదురు, చివరికెప్పుడో నవ్వు. చాలామంది ఆ నవ్వు దాకా ఆగకుండానే వెళ్ళిపోతారని ఆమెకి అప్పుడు తెలియదు. ఫోన్ నంబరు ఆ ఫొటోలోనే ఒక మూల పూలతీగల మధ్య రాసింది. అక్కడది చీమకాలంత. నొక్కితే పలకదు.

అట్టడుగున, వచ్చి చూసినవాళ్ళ లెక్క. అది నాన్న అడిగి పెట్టించుకున్నది. "వచ్చారో లేదో మనకి తెలియాలి కదా."

రోజూ షట్టరు దించే ముందు ఆయన ఆ అంకె చూసుకుంటాడు. నెలల తరబడి కదలదు. ఉన్నట్టుండి ఒక్క రోజులో ఎగబాకుతుంది. "ఇవాళ పోటెత్తారమ్మా," అని కూతురికి ఫోన్ చేస్తాడు.

"ఏంటన్నయ్యా, సైటులో తిరనాళ్ళు, కొట్టులో ఈగలు," అంటాడు తాళాల బాబాయ్. "ఒక్కడైనా గడప తొక్కాడా?"

"పెట్టె విరగాలి కదరా. విరిగిన రోజు నేనే గుర్తొస్తా."

ఆమె ఆ సంస్థలో చేరింది ఆ కుర్చీలో కూర్చుంటే పాఠాలు కూడా చెవిన పడతాయన్న ఆశతో. పడ్డాయి. ఏ రంగు ఏ రంగు మీద నిలవదో, ఏది కదలకూడదో, నంబరు ఎక్కడుండాలో అన్నీ గోడలోంచే నేర్చుకుంది. ఒక్కో తప్పుకి ఒక్కో నవ్వు గుర్తు. నాన్న చెప్పే పోటు ఏ రోజుల్లో వస్తుందో కూడా అర్థమైంది.

ఒక సెలవురోజు కూర్చుని సైటంతా తిరగరాసింది. తెల్లటి నేల, ఒకే రకం అక్షరాలు, పైన పెద్దగా నంబరు, నొక్కితే చాలు మోగుతుంది. అడుగున ఆ లెక్కని మాత్రం నాన్న కోసం ఉంచింది. ఈలని తీసేసింది. మళ్ళీ ఎవరి చేతికీ చిక్కకూడదని ఇంకెక్కడా దాచలేదు కూడా.

"ఇదేంటమ్మా, దొంగలు పడ్డ ఇల్లులా ఉంది," అన్నాడు నాన్న.

"ఇలాగే ఉండాలి నాన్నా. ఇప్పుడు నిజంగా ఫోన్లు వస్తాయి."

వచ్చింది.

తర్వాతి బ్యాచ్ మొదటి రోజు గోడ అవతల ఈల రాలేదు. ఆమె చేతిలో తాడు ముడి పడకుండా ఆగింది. కాసేపు నిశ్శబ్దం. అంత అందమైన నిశ్శబ్దం ఆ గదిలో ఆమె ఎప్పుడూ వినలేదు.

"అయ్యో, ఎవడో బాగుచేసేశాడు," అన్నాడు సార్. "బంగారంలాంటి చెత్త. ఉండండి, నంబరు పెట్టాడుగా, ఈల తాతనే అడుగుదాం."

స్పీకరులో ఫోన్ మోగింది.

"చెప్పండి సార్, పెట్టె విరిగిందా?" నాన్న గొంతు. గోడ ఒక్కసారిగా కాగితం అయిపోయినట్టు అనిపించింది ఆమెకి.

"లేదు పెద్దాయనా. మేం కంప్యూటర్ పాఠాలు చెప్తాం. ప్రతి బ్యాచ్‌కీ మీ సైటు చూపించే మొదలుపెడతాం. పాతదే బాగుండేది, ఎందుకు మార్చారు?"

"మా సైటా?" నాన్న గొంతు సవరించుకున్నాడు. "పాఠంలోనా? అది మా అమ్మాయి చేసింది సార్. తను కూడా కంప్యూటర్లు నేర్పే చోటే పనిచేస్తుంది. మీదెక్కడ సార్?"

"చాలా దూరం లెండి. ఇంతకీ ఆ ఈల ఎవరిది?"

"నాదే సార్."

"పిల్లలు వింటారట. ఒక్కసారి..."

ఆమె లేచి నిలబడింది. తలుపు దాకా వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. లోపల నాన్న ఈల వేశాడు. తెగే చోట తెగింది. గది నవ్వుతో బద్దలైపోయింది.

"సంతోషం బాబూ, సంతోషం," అంటున్నాడాయన ఆ హోరులో. చప్పట్లనుకున్నట్టున్నాడు.

విరామంలో సార్ కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "వినిపించిందా? నవ్వలేక చచ్చాం."

"వినిపించింది సార్."

"నీకు రాలేదా నవ్వు?"

"వచ్చింది సార్," అని నవ్వింది. నవ్వు బాగానే కుదిరింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. "పాతది పెట్టెయ్యమ్మా. పెద్ద చదువులవాళ్ళు మనది చూసి నేర్చుకుంటున్నారట. బాబాయ్ నోరు మూయించాను ఇవాళ." తర్వాత చెప్పులు విప్పుతూ, అటు తిరిగి అడిగాడు. "అయినా అంత నవ్వొచ్చేలా ఏముందమ్మా ఈలలో?"

చెప్పెయ్యడానికి అంతకన్నా మంచి క్షణం లేదు. ఆయన ముఖం ఇటు తిరిగేలోగా ఆ క్షణం అయిపోయింది.

"సంతోషం నాన్నా. పిల్లలు కదా."

ఆదివారం పొద్దున్న ఒక్కో తప్పునీ మళ్ళీ దాని చోట కూర్చోబెట్టింది. నీలం, దాని మీద ఎరుపు. ఎగిరే పెట్టెలు. మెల్లగా దిగే నాన్న. పాత ఈల లేదు కాబట్టి కొత్తది కావాలి. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు.

"చొక్కా ఎందుకు నాన్నా, కనిపించదుగా."

"కనిపించదులే. పాఠం కదా."

ముందు పళ్ళు ఊడాక ఆయన ఈలలో సగం గాలే. ఒకసారి వేసి, "ఎలా ఉంది?" అని అడిగాడు. బాగుందంది. ఆయనకి నచ్చలేదు. నీళ్ళు తాగి మళ్ళీ వేశాడు. పెదాలు తడుపుకుని మళ్ళీ. ఆమె ఫోన్‌ని ఆయన నోటి దగ్గర పట్టుకునే ఉంది.

నంబరును మాత్రం వెనకటికన్నా చిన్నగా చేసి పూలతీగల్లో పెట్టింది. అది ఇక ఎవరి కంటా పడదు. పెట్టె విరిగినవాళ్ళ కంట కూడా.

మళ్ళీ బ్యాచ్ వచ్చింది. గోడ అవతల కొత్త ఈల మొదలైంది. ఇది చాలా చోట్ల తెగింది. తెగినచోటల్లా నవ్వు పుట్టి, ఒకదాని మీద ఒకటి పడి దొర్లింది. ఆలస్యంగా వచ్చినమ్మాయి ఒకతె ఆయాసపడుతూ బల్ల ముందు ఆగింది.

"లోపల ఏం జరుగుతోందక్కా?"

"తప్పుల క్లాసు," అంది ఆమె, కార్డుకి తాడు కట్టి ఇస్తూ. "త్వరగా వెళ్ళు. ఇంకా మొదట్లోనే ఉన్నారు."

ఆ అమ్మాయి తలుపు తీసింది. ఈల గోడ అడ్డు లేకుండా బయటికి వచ్చి, గదంతా ఒకసారి తిరిగింది.

"తలుపు వేసుకో," అంది ఆమె.