నడిమింట్లో పార్టిషన్

మా పిన్ని పోయిందని బాబాయి నది అవతలి మాంగో పేట నుంచి ఫోన్ చేసినప్పుడు తీసింది నేనే. "మీ నాన్నకి నువ్వే సెప్పమ్మా, నాకు నోరు పెగలట్లేదు" అన్నాడు. వరండాలో పేపరు చదువుతున్న నాన్నకి చెప్పాను. పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, సందు చివరికి చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడు వేరుపడిన నాటి నుంచీ ఆ మాంగో ఇంటి గడప తొక్కని మనిషి ఆయన. ఇప్పుడైనా వెళ్తాడా అన్నదే ముందు నాకు తోచింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

పిన్ని సాక్చీలో ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఆమెను తలుచుకుంటే నాకెప్పుడూ బర్మామైన్స్ పేటలో మా పాత ఉమ్మడి ఇల్లు, ఒక మధ్యాహ్నం గుర్తొస్తాయి. భోజనాలయ్యి ఇల్లంతా నడుం వాల్చిన వేళ. రైలు యార్డులో పెట్టెలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు ఎక్కడో నిద్రలోంచి వినిపిస్తున్నట్టు ఉండేది. కిటికీలోంచి పడే వెలుగులో దుమ్ము తేలుతూ ఉండేది. పిన్ని తడి జుట్టు విరబోసుకుని, చీర కొంగుతో మానిటర్ తుడిచి, "కానీయమ్మా, కానీ" అని దాన్ని బుజ్జగించేది. తన పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు కూడా ఆమె గొంతు అంత మెత్తగా ఉండేది కాదు, నిజం చెప్పాలంటే.

ఇంటికంతటికీ ఆ కంప్యూటర్ ఒక్కటే. బాబాయి కాంట్రాక్టు పని లెక్కలన్నీ విండోస్‌లో ఉండేవి. నాకు కాలేజీలో లినక్స్ అనే ఇంకో సిస్టమ్ పెట్టారు. పత్రికతో పాటు వచ్చిన సీడీ ఒకటి పట్టుకొచ్చి, ఆ రెండింటినీ ఒకే మిషన్‌లో పెడతానంది పిన్ని.

"ముందర డిస్కుని పార్టిషన్ సేసేద్దాం. ఈ వాటా మీ బాబాయిది, ఆ వాటా నీది. నీ వాటా ఉన్నట్టే ఆయన దానికి తెలీదు."

మరి ఫైళ్ళు అటూ ఇటూ ఎలా పోతాయని హిందీలో అడిగాను. హిందీ ఊళ్ళో పెరిగిన మా ఇంటి పిల్లలందరం అంతే, తెలుగులో అడిగితే హిందీలో పలికేవాళ్ళం.

"అందుకే నడిమిన సిన్న వాటా ఒకటి ఉమ్మడిగా వదిలేత్తాం. రెండూ వచ్చి పోతాయి. ఏరుపడ్డోళ్ళకి అదొకటి ఉండాల" అంది.

ఆ చివరి మాట వినేదాకా మా నాయనమ్మ ఆగితేగా! మా సందులో అన్నదమ్ములు వేరుపడితే ఇల్లు అమ్ముకోరు, నడిమింట్లో ప్లైవుడ్ చెక్క అడ్డం కొడతారు. దాని పేరే పార్టిషన్. గుమ్మం అవతల వెల్లుల్లి ఒలుచుకుంటున్న ఆవిడ చేట అక్కడే వదిలేసి, వీధి అరుగు మీద కూర్చుంది. పిలిస్తే పలకదు. డ్యూటీ దిగి వచ్చిన నాన్నకి అక్కడే ఎదురైంది.

"ఏటిరా, సూత్తన్నావా? నీ మరదలు నడిమింట్లో పార్టిషన్ పెట్టేత్తంది. వాటాలు పంచేసింది. నానింకా సావలేదురా!"

నాన్న లోపలికొచ్చి తెర చూశాడు, సంగతి అర్థమై పకపకా నవ్వాడు. మంచం మీద కూర్చున్న బాబాయిని చూసి, "ఏరా, ఏరు కుంపటి పెడతన్నావట?" అన్నాడు వేళాకోళంగా.

బాబాయి నవ్వలేదు. తల దించుకున్నాడు.

"మాంగోలో ఇల్లు మాటాడేసినాను అన్నయ్యా. పిల్లలు పెద్దోళ్ళవుతన్నారు, ఈ ఇల్లు సాలట్లేదు. నీకెలా సెప్పాలో తెలీక..."

నాన్న మొహం మీద నవ్వు ఇంకా పోలేదు, తీసేయడం మరిచిపోయినట్టు. "ఎల్లు. నీ గడప మాత్రం నాను తొక్కను" అన్నాడు. పిన్ని వైపు తిరిగి, "కట్టెయ్ దాన్ని" అన్నాడు.

పిన్ని అంతవరకూ బావగారి ఎదుట గొంతెత్తి ఎరగదు. తెర మీద పని ఎంతయిందో చూపే గీత మెల్లగా ముందుకు జరుగుతోంది. ఆమె లేచి నిలబడింది.

"మజ్జిలో ఆపకూడదు బావగారూ. ఆపితే ఇద్దరిదీ పోతాది."

నాన్న ఆపలేదు. కుర్చీ లాక్కుని, అది పూర్తయ్యేదాకా కూర్చున్నాడు. చివరికి నల్లటి తెర మీద ఒకదాని కింద ఒకటి రెండు సిస్టమ్‌ల పేర్లు వచ్చాయి. నాయనమ్మ ఎప్పుడొచ్చిందో, నా వెనకే నిలబడి ఉంది. "ఒకటి తెరిత్తే రెండోది ఏటయిపోద్దే?" అని అడిగింది.

"ఎక్కడికీ పోదత్తా. అక్కడే ఉంటాది. పిలిత్తే పలుకుతాది" అంది పిన్ని. కొంగుతో మానిటర్ మళ్ళీ తుడిచింది.

కంప్యూటర్ మాకే వదిలేసి వాళ్ళు వెళ్ళిపోయారు. పిన్ని మాత్రం ప్రతి ఆదివారం వంతెన దాటి ఆటోలో వచ్చేది, మిషన్ ఎలా ఉందో చూడాలనే వంకతో. మాంగో ఇంట్లో జామచెట్టు కాసిందనీ, కుళాయి సన్నగా వస్తోందనీ నాయనమ్మతో చెప్పేది, వరండాలోకి వినపడేంత గట్టిగా. నాన్న పేపరు దించేవాడు కాదు, పేజీ కూడా తిప్పేవాడు కాదు. నాయనమ్మ పోయాక కూడా ఆమె రావడం మానలేదు. నాకు రెండు సిస్టమ్‌లూ నేర్పింది ఆమే, ఇవాళ నేను తింటున్న అన్నం ఆమె చేతిదే. ఈ మాట ఆమెకి నేరుగా చెప్పలేదు. మా ఇళ్ళల్లో అలాంటివి ఎవరూ చెప్పుకోరు.

ఆ ఫోను వచ్చిన రోజు నాన్న నాతో మాంగో వచ్చాడు. ఆటో దిగి, గేటు పట్టుకుని నిలబడ్డాడు. బాబాయి వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. సువర్ణరేఖ నది ఒడ్డున అన్నీ అయ్యి, స్నానాలయ్యాక, కాసేపు నడుం వాల్చమని బాబాయి వెనక గది తలుపు తీశాడు. నులక మంచం, ఉతికిన దుప్పటి, గట్టి దూది దిండు. మెత్తటి దిండు మీద నాన్నకి నిద్ర పట్టదు.

"ఇదెవరి గది బాబాయ్?"

"మీ నాన్నదే. ఈ ఇంటికొచ్చిన కాడి నుంచీ మీ పిన్ని రోజూ తుడిసీది. పిల్లల్ని కూడా పడుకోనిచ్చీది కాదు."

నాన్న మంచం అంచున కూర్చుని దిండు మీద చెయ్యి వేశాడు. కాసేపటికి దాని మీద తల పెట్టి గోడ వైపు తిరిగాడు. బాబాయి కింద కూర్చుని మంచం పట్టెకి తల ఆనించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ ఇద్దరి మీదా పడుతోంది.