పులివెందుల షెడ్డులో పాత ఇంజన్

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. ప్రొద్దుటూరులో మాది బట్టల కొట్టు. పెళ్లి చీరలూ అమ్ముతాం, పోయినవాళ్ల మీద కప్పే తెల్ల బట్టా అమ్ముతాం. ఆ బట్ట కొలిచి చించేటప్పుడు ఏనాడూ నా చెయ్యి వణకలేదు. ఈ ముక్క ముందే చెప్పడం ఎందుకంటే, జరిగింది విన్నవాళ్లు ఇప్పుడు నన్నే వింతగా చూస్తున్నారు.

నాకు కార్ల పిచ్చి. జమ్మలమడుగులో ఒక పెద్దాయన స్పోర్ట్స్ కారు అమ్ముతున్నాడని తెలిసి పరుగెత్తాను. ఎర్ర రంగు, రెండే తలుపులు, వెనక సీటు పేరుకే. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటిపోయింది. ఇంజన్ బిగుసుకుపోయింది, మార్చక తప్పదు. బుద్ధున్నవాడెవడూ కొనడు. నేను కొన్నాను.

అప్పటికి నా భార్యకు ఏడో నెల. తొలి కాన్పు కాబట్టి ముద్దనూరు దగ్గర పల్లెలో ఉన్న పుట్టింటికి వెళ్లబోతోంది. కారు ఫోటో చూసి ఒకటే మాట అంది. "తా దూర కంత లేదు గానీ మెడకో డోలంట. రేపు ముగ్గురమైతే మూడో మనిషిని యాడ కూర్చోబెడతావబ్బా?" నవ్వేశాను.

మా వ్యాపారస్తుల ఇళ్లలో ఒక పద్ధతుంది. పాత వస్తువు కొనేటప్పుడు ఎందుకు అమ్ముతున్నారని అడగం. అవతలివాడి ఇంటి కష్టం బయటికొస్తే బేరం చెడుతుందని మా నాన్న చిన్నప్పుడే నేర్పాడు. ఆ పెద్దాయన ఒకప్పుడు నాపరాళ్ల గనుల కాంట్రాక్టరు. అలాంటి మనిషి షోకుగా కొనుక్కున్న కారు అన్ని కిలోమీటర్లు ఎందుకు తిరిగిందో నేను అడగలేదు. తాళం చెవి ఇచ్చేటప్పుడు ఆయన కారు వైపు చూడనే లేదు. అది గమనించి కూడా నోరు మూసుకున్నాను.

పులివెందులలో మస్తాన్ అని మెకానిక్ ఉన్నాడు. కువైట్‌లో పన్నెండేళ్లు ఇలాంటి కార్ల మీదే పని చేసి వచ్చినవాడు. కారును లారీ మీద అతని షెడ్డుకు చేర్చాను. పాత ఇంజన్ దించి, బెంగళూరు నుంచి తెప్పించింది ఎక్కించాడు. దించిన ఇంజన్‌ను షెడ్డు వెనక మూల రెండు చెక్క దిమ్మెల మీద పెట్టాడు. కొత్తది వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా పాతదాన్ని పారేయకపోవడం అతని అలవాటు. ఏ చిన్న భాగమో అవసరపడుతుందని.

ఇంజన్ మార్చినట్టు కాగితాల్లో ఎక్కించాలంటే పాతదాని నంబరు అచ్చు కావాలన్నాడు ఆర్టీఓ ఆఫీసు ఏజెంటు. ఒక మంగళవారం నేనే వెళ్లాను. నంబరు చెక్కి ఉన్న చోట కాగితం అంటించి, పెన్సిల్‌తో రుద్దడానికి ఎడమ చెయ్యి ఇంజన్ మీద ఆనించాను. చురుక్కుమంది.

అప్పుడు పగలు పదకొండు కావస్తోంది. ఆ ఇంజన్ దించి అప్పటికి తొమ్మిది రోజులు.

"రేకుల కాకకు కాలింటాదిలే అప్పా" అన్నాడు మస్తాన్. ఆ రోజు ముసురు పట్టి ఎండే లేదు. పక్కనే ఉన్న ఇనప బల్ల మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. అతనూ వచ్చి రెండూ తాకి చూశాడు. ఇక నవ్వలేదు. దగ్గర్లో కరెంటు వైరు లేదు, వెల్డింగు జరగలేదు. లోపల చుక్క ఆయిల్ లేదు, ఇరుసు వెంట్రుకవాసి కూడా తిరగదు. మధ్యాహ్నానికి దానంతటదే చల్లారింది.

గురువారం ఫోన్ చేశాడు. "మళ్లీ కాలింది." శుక్రవారం చల్లగా ఉందన్నాడు. శనివారం నేనే పోయి చూశాను. పదిన్నరకు మొదలైంది, దూరం నడిచొచ్చిన బండి బానెట్ లాగా కాక కొట్టింది. నాకు భయం వేసింది. దాచుకోవడం దేనికి, షెడ్డు బయటికొచ్చి నిలబడ్డాను.

సోమవారం సంతకాల వంకతో జమ్మలమడుగు వెళ్లి, మొదటి రోజే అడగాల్సింది అప్పుడు అడిగాను. పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. ఆయన భార్యకు కిడ్నీలు పాడయ్యాయట. ఆరేళ్లు డయాలసిస్ కోసం ఆ కారులోనే కడపకు తీసుకుపోయాడు. గనులు పోయాయి, మిగతా బళ్లు పోయాయి, ఇదొక్కటే మిగిలింది. చివరిసారి ఆమెకు ఆయాసం ఎక్కువై తొందరగా పోతుంటే దారిలో ఇంజన్ పట్టేసింది. బస్సు ఆపి ఎక్కించేసరికే ఆమె పోయింది.

"అరగంట ముందు చేరింటే బతికేదని డాక్టరు అన్లేదప్పా. నేనే అనుకుంటాండా, దినామూ" అన్నాడు.

ఏయే రోజులు వెళ్లేవారు మామా అని అడిగాను.

"మంగళ, గురు, శని. పదకొండుకల్లా ఆడుండాల."

అప్పటి నుంచి నా పరిస్థితి కుడితిలో పడ్డ ఎలుకే. కారు తయారై ఇంటికొచ్చింది, పరుగు బాగుంది. కానీ ఒకసారి దారిలో మనిషిని పోగొట్టిన బండిలో నా భార్యను ఎలా ఎక్కించను? ఆమెకు ఏమీ చెప్పలేదు. కాన్పుకని ముద్దనూరులో ఒక టాక్సీ మాట్లాడి పెట్టాను. ఇంకా మూడు వారాల గడువుందని డాక్టరమ్మ చెప్పింది.

గడువు మన మాట వింటుందా? ఒక మంగళవారం సాయంత్రం ఆమెను చూడ్డానికి కారులో వెళ్లి అక్కడే పడుకున్నాను. బుధవారం పొద్దున పది దాటాక ఉమ్మనీరు పోయింది. టాక్సీవాడు బాడుగకు తిరుపతి పోయాడు. మా అత్త కంగారుగా "ఈ ఎర్రబండి ఉంది గదప్పా, ఏంది చూస్తాండావు?" అని అరిచింది. సీటు వెనక్కి వాల్చి నా భార్యను కూర్చోబెట్టాను. ఎర్రగుంట్ల మీదుగా ప్రొద్దుటూరు ఆసుపత్రి దాకా నా చూపు సగం రోడ్డు మీద, సగం వేడి చూపే ముల్లు మీద. అది సగం దగ్గరే నిలిచింది, ఒక్క గీత పైకి పోలేదు. నాకు తెలియకుండానే పైకి మొక్కుతూనే ఉన్నాను.

ఆపరేషన్ చేసి పాపను తీశారు. బొడ్డుతాడు మెడకు రెండు చుట్లు పడిందనీ, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఫోన్ చూస్తే మస్తాన్ నుంచి నాలుగు మిస్డ్ కాల్స్. మొదటిది పది నలభైకి. అప్పటికి మేం ఇంకా దారిలోనే ఉన్నాం. వెంటనే తిరిగి ఫోన్ చేశాను.

"అప్పా, ఈ పొద్దు బుధవారం గదా. ఎప్పుడూ లేంది ఈ పొద్దు కాలింది. చెయ్యి పెడితే బొబ్బ లేసింది. నువ్వు యాడుండావు?"

నా భార్యను తీసుకెళ్తున్నట్టు పులివెందులలో ఎవరికీ తెలియదు. నాకే ఆ పొద్దున దాకా తెలియదు. మస్తాన్ అరచేతి బొబ్బ తర్వాత కళ్లారా చూశాను, పెద్ద ఉసిరికాయంత ఉంది.

మరుసటి రోజు గురువారం. ఇంజన్ వేడెక్కలేదు. శనివారం వేడెక్కలేదు. ఆ బుధవారం తర్వాత మళ్లీ ఎన్నడూ వేడెక్కలేదు.

పాప నెల బిడ్డయ్యాక స్వీట్లు తీసుకుని జమ్మలమడుగు వెళ్లి, పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు. పాప ఫోటో చాలాసేపు చూసి, కండువాతో ముఖం తుడుచుకుని, ఆ కారు అమ్మొద్దని మాత్రం అడిగాడు.

అమ్మలేదు. వెయ్యి కిలోమీటర్లు ఎప్పుడో దాటాయి, పాత ఇనుమువాళ్లు ఇంజన్ కోసం వస్తే మస్తాన్ నాకు ఫోన్ చేస్తాడు, నేను వద్దంటాను. ఎందుకు వద్దంటున్నానో అతనికి చెప్పలేను, నాకూ సరిగా తెలియదు. పులివెందుల పనిబడ్డప్పుడల్లా షెడ్డుకు వెళ్లి దాని మీద చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగానే ఉంటుంది. చల్లగా ఉన్నందుకు నిమ్మళించాలో, దిగులు పడాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.