విజయనగరం దాకా తెలుగులో

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పాసింజరు రైలు ఎక్కాను. నా ఎదురు సీట్లో ఒక ఆఫ్రికా అమ్మాయి, పక్కన రెండు పెద్ద పెట్టెలు. మా వైపు కాలేజీల్లో చదువుకునే విదేశీ పిల్లలు కొత్తేమీ కాదు కాబట్టి ఇంగ్లీషులో పలకరించాను.

"తెలుగులో మాట్లాడక్కా," అందామె. "నా సదువైపోనాది. మా దేశం ఎల్లిపోతన్నాను. అక్కడ నాతో తెలుగు మాట్లాడేవోళ్లు ఎవులూ ఉండరు."

ఆ మాటలు విని ఆశ్చర్యపోయి, ఎవరు నేర్పారని అడిగాను. హాస్టల్లో వంట చేసే అమ్మ అట. రోజూ పొద్దున్నే "ఏటే, ఇంకా లెగలేదేటి?" అని తలుపు బాదేదట. ఇంక ఆ అరుపు వినబడదని చెబుతూనే ఆ పిల్ల ఏడ్చేసింది.

నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తాను. అక్కడ నవ్వుతారని మా యాస వదిలేసి చాలా ఏళ్లయింది. బాధపడకండి అని మర్యాదగా చెబుదామనుకున్నాను. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఊరుకోవే పిల్లా! అలాగ ఏడుస్తన్నావేటి?"

ఆమె తలెత్తి చూసి, ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. "అక్కా, నువ్వూ మావోళ్లేనా!"

చీపురుపల్లి, గరివిడి ఎప్పుడు దాటాయో చూసుకోలేదు. ఎండుచేపల పులుసు గురించీ, ఆ వంటమ్మ కోపాల గురించీ ఒకటే కబుర్లు. విజయనగరంలో నేను దిగాక, కిటికీలోంచి "ఒసే అక్కా, జాగర్త!" అని అరిచింది. ప్లాట్‌ఫారమ్మీద అందరూ నవ్వారు.

ఆఫీసులో ఉండగా మా అమ్మ ఫోను చేస్తే ఇదివరకు బయటికి వెళ్లి మాట్లాడేదాన్ని. ఇప్పుడు నా సీట్లో కూర్చునే మాట్లాడుతున్నాను.