గురిముల్లు ఎటు జరపాలి

పదకొండు గొర్రెలు, మూడు మేకలు, ఒక కుక్క. మూడేళ్లలో ఒకే చిరుత మా మందలోంచి పదిహేను ప్రాణాలు తీసింది. మా తాత చేతితో చేసిన చకుముకి తుపాకి ఏమో నలభై అంగల దూరంలో బెత్తెడు ఎడమకు కొడుతోంది. గొట్టం కొసనున్న గురిముల్లును బియ్యపు గింజ మందం కుడికి జరపాలని మహబూబ్‌నగర్ బస్సులో లెక్క వేసుకున్నాను.

పక్కసీటు ముసలాయన ఏం లెక్కని అడిగితే తుపాకి సంగతి, చిరుత సంగతి చెప్పాను. ఆయన నా కాగితంలోకి తొంగి చూశాడు.

"లెక్క మంచిగనే ఉంది బిడ్డా, దిక్కే తప్పింది. గిట్ల జేస్తే చిరుత నవ్వుకుంట పోతది."

బొటనవేలు నా కంటి ముందు నిలబెట్టి, మెల్లగా ఎడమకు జరిపాడు.

"ముల్లు ఎడమకు పోతే, దాన్ని గురికి తెచ్చేటందుకు గొట్టం కుడికి తిరగాలె. గుండు ఎటు పోతే ముల్లు గటే జరపు."

"పదిహేను పోయినయి పెద్దయ్యా. పదిహేనూ దాంతోని కక్కిస్త."

"అన్ని యాడికెల్లి తెస్తది? దానికున్నది ఒక్కటే పానం."

ఆయన దారిలో ఎక్కడో దిగిపోయాడు. నేను ముల్లు ఎడమకు జరిపాను. ఇప్పుడు గుండు పెట్టిన గురి మీదే పడుతోంది. చిరుత మాత్రం మళ్లీ ఎదురుపడలేదు.

ఆయన లెక్కకే ఒప్పుకున్నాను. నాకు రావలసింది ఈనాటికీ ఒక ప్రాణం.