పికప్ తరఫు ప్లీడరు

ఫలానా వస్తువు చెడిపోయిందని ఎవరైనా అంటే చాలు, ప్లీడరు మామయ్య ఆ వస్తువు పక్షాన నిలబడిపోతాడు. నిజానికి ఆయన ఏనాడూ కోర్టు గుమ్మం తొక్కిన మనిషి కాదు. ఇంటి ముందుగదిలో వాయిద్యాలు బాగుచేసే దుకాణం ఆయనది. గోడలకు వేలాడే గిటార్లు, బల్లల కింద ముడుచుకున్న స్పీకర్లు వాయిదా కోసం పడిగాపులు పడే కక్షిదారుల్లా ఉంటాయి. "మైకు పోయిందండీ" అని ఎవరైనా వస్తే, "పోయిందని ఎవరు చెప్పారు? మీరు కళ్లారా చూశారా? అది మీతో చెప్పిందా?" అని మొదలెడతాడు. ఆ అడ్డుప్రశ్నలకు తట్టుకోలేక జనం పెట్టిన పేరే ప్లీడరు. అసలు పేరు అత్తయ్యకైనా గుర్తుందో లేదో ఆయన మేనకోడలికి అనుమానమే.

నేరుగా ముద్దాయి దగ్గరికి వెళ్లడం ఆయన జాతకంలో లేదు. స్పీకరు పలకడం లేదంటే ముందు గోడలో ఉన్న ప్లగ్గును విచారిస్తాడు. అక్కణ్నుంచి స్విచ్చు, స్విచ్చు నుంచి వైరు. తెచ్చినాయన ఆవలింతలు అయిపోయి, వీధిలోకి వెళ్లి టీ తాగి వచ్చేసరికి, స్పీకరు నిర్దోషిగా విడుదలై పాడుతుంటుంది. ఎవరూ కలలో కూడా అనుమానించని ఏ ఫ్యూజుకో శిక్ష పడుతుంది.

"నాకు జ్వరమొస్తే ముందు థర్మామీటరుకు ఒంట్లో ఎలా ఉందో చూస్తారమ్మా ఈయన" అంటుంది అత్తయ్య.

అత్తయ్య ఆయన మీద గెలిచిన కేసు ఒక్కటే. ఒకసారి చుట్టాలు భోజనానికి కూర్చున్నవేళ కూర మాడింది. "మాయదారి స్టవ్వు, మంట ఎగదన్నింది" అంది ఆవిడ. ఆయన గ్యాసు గొట్టంతో మొదలుపెట్టి గిన్నె అడుగు దాకా విచారణ జరిపాడు. చుట్టాలు ఆకలితో నీళ్లు తాగారు. చివరికి గొంతు సవరించుకుని, "బర్నరుదే తప్పు" అని తీర్పు చెప్పి, దాన్ని ఊడబీకి కొత్తది వేశాడు. "నేను మొదటే చెప్పానా లేదా?" అని ఆవిడ ఇప్పటికీ సందు దొరికితే తలెత్తుకుని చెబుతుంది.

అలాంటి మనిషి దగ్గరికి, ఆ పొద్దున మేనకోడలు తన గిటారు పట్టుకుని పరుగున వచ్చింది. సాయంత్రం హాల్లో కచేరీ. బృందంలో చేరినప్పటినుంచీ వెనక వరుసలో తాళానికి తోడు వాయిస్తున్న పిల్లకు మొదటిసారి ఒంటరిగా వాయించే ముక్క దొరికింది. సరిగ్గా ఈరోజే గిటారు మూలుగుతోంది. వెనకాలే బృందం మాస్టారు వచ్చారు. జీవితమంతా కరెంటు అక్కర్లేని చెక్క గిటారు వాయించి, సగం ఊరికి సంగీతం నేర్పిన మనిషి. ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు, చెబితే ఆయన వినిపించుకున్నదీ లేదు.

"ఏమయ్యా ప్లీడరూ, ఈ గిటారు పికప్ చచ్చింది. పీకి పారేసి కొత్తది వెయ్యి. మధ్యాహ్నం రిహార్సల్‌కి మోగకపోతే ఆ ముక్క ఫ్లూటు అబ్బాయికి ఇచ్చేస్తాను. నాకు వేరే దారి లేదు" అన్నారు మాస్టారు.

పికప్ అంటే తీగల కింద కూర్చునే అయస్కాంతం. దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ చుట్టి ఉంటుంది. పైన తీగ కదిలితే ఆ కదలికను పట్టి స్పీకరుకు పంపుతుంది. ఈ గిటారుకు ఉన్నదల్లా ఆ ఒక్కటే.

"చచ్చిందని డాక్టరు రాసిచ్చాడా మాస్టారూ?" అన్నాడు మామయ్య.

"మామయ్యా, దండం పెడతా. ఇవాళ గోడ దగ్గర మొదలెట్టకు" అంది మేనకోడలు.

"ఛ ఛ, గోడ దగ్గర ఎందుకమ్మడూ?" అని ఆయన బయటికి నడిచి, వీధి స్తంభం నుంచి ఇంటికొచ్చే కరెంటు తీగను తేరిపార చూసి వచ్చాడు.

పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. బల్ల మీద ఓ పక్కనున్న చిన్న బర్నరుపై జిగురు డబ్బా నీలిమంటకు నెమ్మదిగా ఉడుకుతోంది. ప్లగ్గు నిర్దోషి. స్పీకరు నిర్దోషి. గోడ మేకుకున్న వైరు తీసి గిటారుకు తగిలించి, "ఇది పాత ఖైదీ, నమ్మకస్తుడు" అన్నాడు. వైరు చివర ఎర్ర టేపు చుట్టి ఉంది.

"వాయించు."

ఆమె వాయించింది. కింది సన్నతీగలు కణకణా మోగాయి. పైనున్న లావుతీగలు మాత్రం గోడకవతల ఎవరో గుసగుసలాడినట్టు వినిపించాయి.

"చూశావా? చచ్చింది" అన్నారు మాస్టారు.

"చచ్చినవాడు సగం మాట్లాడడం నేనెక్కడా వినలేదు మాస్టారూ."

మామయ్య స్క్రూడ్రైవరు మొనతో పికప్ మీద ఒక్కటి తట్టాడు. స్పీకరు 'టక్' అంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా తట్టుకుంటూ వెళ్లాడు. ప్రతిచోటా అదే గట్టి 'టక్'. మీటరు పెట్టాడు. ముల్లు ఉండాల్సిన చోటికి పోయి బుద్ధిగా కూర్చుంది. పికప్ పక్క మరలు తిప్పి తీగలకు దగ్గరగా లేపాడు. సన్నతీగలు మరింత అరిచాయి. లావుతీగలు అలాగే గొణిగాయి.

అప్పుడాయన బొటనవేలు లావుతీగ మీద ఆగింది. గోటితో ఒకసారి గీరాడు. తలెత్తకుండానే అడిగాడు: "తీగలు కొత్తవిలా ఉన్నాయే. బంగారంలా మెరుస్తున్నాయి."

మాస్టారు ఛాతీ ముందుకొచ్చింది. "మరేమనుకున్నావు! పిల్ల మొదటి ముక్క కదా అని రాత్రి నేనే స్వయంగా వేసిచ్చాను. నేను నా గిటారుకు వేసుకునే తీగలు, లావువాటన్నిటికీ కంచు చుట్టినవి. పెట్టె అడుగున దాచుకున్నవి. ఒకళ్లకు ఇచ్చిన పాపాన పోలేదు."

బల్ల మీద జిగురు గుటుకు గుటుకుమంది. మామయ్య మొహంలో ఒక్క గీత కదల్లేదు. మళ్లీ ప్లగ్గు దగ్గరికి వెళ్లి చూశాడు. స్విచ్చు నొక్కి చూశాడు. మేనకోడలు పళ్లు కొరికింది. ఈ మనిషికి పిచ్చి ముదిరిందనుకుంది.

తిరిగొచ్చి, కళ్లజోడు తీసి, గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, ఓడిపోయాను. పికప్‌దే తప్పు."

వంటగది గుమ్మంలో నిలబడ్డ అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన నోట అసలు ముద్దాయికి శిక్షపడడం ఆ దుకాణం ఎరుగదు. మేనకోడలు నోరు తెరిచింది. ముల్లు ఎక్కడ ఆగిందో తను కళ్లారా చూసింది!

"దీనికి చూపు ఆనదు. ఇనుము తప్ప మరోటి కనబడదు, పుట్టుకే అంత" అన్నాడు మామయ్య. "మీరు వేసినవి కంచు చుట్టిన మేలిరకం తీగలు. వాటి పనితనం దీని కళ్లకు ఆనితేగా? గాడిదకేం తెలుసు గంధం వాసన! మీ తీగలు దీనికి దండగ. ఇప్పటికి మామూలు ఇనపరకం తీగలు తగిలించి పని కానిచ్చేద్దాం. మీవి తీసి భద్రంగా మీకే ఇస్తాను."

"నేను వస్తూనే చెప్పానా లేదా?" అన్నారు మాస్టారు, అచ్చం అత్తయ్యలాగే.

"చెప్పారు. నేనే మొండికేశాను."

మాస్టారు తీగల చుట్టలు జేబులో పెట్టుకుని, కొత్త తీగలతో గిటారు గది దద్దరిల్లేలా మోగడం విని, "పికప్ నాసిదైనా పిల్ల చెయ్యి మంచిది. రిహార్సల్‌కి ఆలస్యం చెయ్యకు" అని మేనకోడలి భుజం తట్టి, నెగ్గిన మనిషి నడకతో వెళ్లిపోయారు.

మేనకోడలు గుమ్మం దాకా చూసి తిరిగింది. "మామయ్యా, ప్రపంచంలో ఉన్న పికప్‌లన్నీ ఇనుమునేగా పట్టేది?"

"అన్నీ అంతే. అందుకే ఏదీ నొచ్చుకోదు."

"మరి దాన్ని అన్యాయంగా…"

"అమ్మడూ, పికప్‌ను నువ్వు దొంగ అన్నా, గుడ్డిదన్నా సాయంత్రం అది మోగుతుంది. ఆయన్ని ఆ మాట అని చూడు. సాయంత్రం హాల్లో కూర్చుంటాడా? నీ ముక్క వింటాడా?"

ఆమె గిటారు నుంచి వైరు పీకబోయి ఆగింది. ఆ ఎర్ర టేపు తను చుట్టిందే. గిటారు పట్టిన కొత్తలో, "ఇది చచ్చిపోయింది మామయ్యా" అని ముక్కు చీదుకుంటూ తెచ్చినప్పుడు, స్నేహితులందరి ముందూ ఈయన గోడ దగ్గర మొదలుపెట్టి, అంగుళం అంగుళం విచారించి, చివరికి ఈ వైరుకే శిక్ష వేశాడు. కొత్త వైరు ఇచ్చి పంపాడు. మధ్యలో ఎక్కడో ఆయన చెయ్యి గిటారు మీద సౌండు పెంచే గుండీ మీదుగా జారినట్టు గుర్తు. ఆ గుండీ సున్నా దగ్గర ఉండి ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లకు తట్టింది.

"ఈ వైరు చెడిపోయిందన్నావు కదా?"

"శిక్ష పూర్తయింది. సత్ప్రవర్తన మీద విడుదల చేశాను."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ సాయంత్రం ఆ ముక్క వాయించినప్పుడు లావుతీగలు హాలు చివరి కుర్చీ దాకా గర్జించాయి. ముందు వరుసలో మాస్టారు తల ఊపుతూ, పక్కాయన చెవిలో, "పికప్ నాసిది. నా తీగలకు తూగలేకపోయింది" అని చెబుతూనే ఉన్నారు. అవతలి పక్క కూర్చున్న మామయ్య, "నిజం, నిజం" అని వంత పాడాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య దుకాణంలో దీపం ఆర్పబోతూ, బల్ల మీది జిగురు డబ్బా వైపు చూసింది. దాని కింద బర్నరు. ఎంత పొందికైన నీలిమంటో! ఎగదన్నడం లేదు, కుంగడం లేదు. ఆవిడ వంగి దాన్ని గుర్తుపట్టింది.

"ఏమండీ, ఇది మన పాత స్టవ్వుది కదూ?"

"అవును."

"అయితే ఆ రోజు కూర…"

"బర్నరుదే తప్పు" అన్నాడు ప్లీడరు మామయ్య, లోపలి గదిలో దుప్పటి ముసుగు పెట్టుకుంటూ. "ఆ కేసు మళ్లీ తెరవడానికి వీల్లేదు."