అంబులెన్సుకు అడ్డం నిలబెట్టిన శిలాఫలకం

మనుషులు రకరకాల పొరపాట్లు చేస్తారు. ఒకరు తప్పు రైలెక్కుతారు, ఒకరు ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళిలో భోంచేసి వస్తారు. నేను మాత్రం ఒక నిండు చూలాలికీ ఆసుపత్రికీ మధ్య సిమెంటు దిమ్మె కట్టించాను. తాపీ పట్టింది నేను కాదు గాని, పక్కన గొడుగేసుకుని నిలబడి "ఇంకో తట్ట సిమెంటు వెయ్యి" అని కేకలేసింది నేనే. ఇవాళ దీన్ని నవ్వుతూ చెప్పగలుగుతున్నానంటే అందులో నా తెలివి పిసరంత కూడా లేదు. ఎంత పాడు చేయవచ్చో అంతా చేశాను, వినండి.

అరవైల మొదటి రోజుల మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇల్లు వరంగల్ మట్టెవాడలో, ఉద్యోగం అక్కడికి పదిహేను మైళ్ళ అవతల ఒక ఊళ్ళో, పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా. ఉద్యోగం చిన్నదే గాని నడక మాత్రం కలెక్టరు నడక. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. అందులో ఒకటి రాయదు.

ఆ ఊరి దవాఖానకు ఒక అంబులెన్సు ఉండేది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అదొక్కటే. దాన్ని నిలిపే చోటేదయ్యా అంటే బందెలదొడ్డి. చేలమీద పడి మేసిన పశువుల్ని పట్టుకొచ్చి కట్టేస్తారు చూడండి, ఆ దొడ్డి. ఒక మూల రేకుల కప్పు కింద బండి, మిగతా మూడు మూలలా బర్రెలు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ముందు బర్రెల్ని బయటికి తోలాలి, ఆ తర్వాత బురదలోంచి బండిని నెట్టాలి. వానాకాలంలోనైతే డ్రైవరు యేసుదాసు చేరుకునేసరికి కొందరు రోగులు విసుగెత్తి వాళ్ళంతట వాళ్ళే బాగైపోయేవారు. బాగుపడని వాళ్ళ సంగతి నవ్వుతాలుగా చెప్పుకునేది కాదు.

కొత్త షెడ్డు కావాలని పెట్టిన ఫైలు మూడేళ్ళు తిరిగింది. "పశువులకు లేని ఇబ్బంది మోటారుకు ఏమిటి?" అని పైనుంచి ఒక ప్రశ్న కూడా వచ్చింది. నేను పట్టుదలగా నాలుగు పేజీల జవాబు రాశాను. నా భాష ఎంత గొప్పదంటే, దాన్ని అర్థం చేసుకోవడానికి వాళ్ళకు ఇంకో ఆరు నెలలు పట్టింది. ఎలాగైతేనేం, రోడ్డు పక్కన మెరక మీద ఇటుకల షెడ్డు లేచింది. ముందుకు ఒకటే తలుపు, మిగతా మూడు వైపులా గట్టి గోడ.

ఇక బండిని తెచ్చి పెట్టుకోవడమే కదా అంటారు మీరు. యేసుదాసు కూడా అదే అన్నాడు.

"సారూ, షెడ్డు ఖాళీగనే ఉన్నది గద. బండి ఆడ పెట్టుకుంట."

"ఓపెనింగ్ కాలేదు గద యేసుదాసూ! ఓపెనింగ్ కాకుంట అది షెడ్డెట్లయితది?"

"మరేమయితది సారూ?"

"అప్పటిదాక అది కాగితమే" అన్నాను గంభీరంగా. పాపం, అతను వెనక్కి తిరిగి ఆ ఇటుకల కాగితం వైపు చాలాసేపు చూశాడు.

ప్రారంభోత్సవానికి జిల్లాలో ఒక పెద్దాయనను పిలిచాం. ఆయన వస్తానంటారు, రారు. ఖిలా వరంగల్‌లో చెక్కించుకొచ్చిన నల్లరాతి ఫలకం మీద తేదీ మూడుసార్లు మారింది. మారినప్పుడల్లా మల్లయ్య మేస్త్రీ పాత తేదీని ఉలితో గీకి కొత్తది చెక్కేవాడు. చివరికి ఆ చోట సబ్బుబిళ్ళ పెట్టుకునేంత గుంట పడింది. అడుగున "ఏర్పాట్లు" అని చెక్కిన నా పేరు మాత్రం నిక్షేపంలా ఉంది. అది చెక్కించమని నాకెవరూ చెప్పలేదు లెండి.

నాలుగోసారి ఖాయమన్నారు. ముందురోజు నేను బండిని కడిగించి, బంతిపూల దండ వేయించి, మొహం బయటికుండేలా కొత్త షెడ్డులో పెట్టించాను. మల్లయ్య ఫలకాన్ని గోడకు బిగించబోయాడు.

"గోడకు కాదు మల్లయ్యా. తలుపు ముందు, నడిమిట్ల, దిమ్మె కట్టు. పెద్దాయన, ఫలకం, ఎనక బండి, మూడూ ఒక్క ఫోటోల పడాలె."

మల్లయ్య తలుపును చూశాడు, బండిని చూశాడు, నన్ను చూశాడు.

"మరి బండి బయటికెట్ల వస్తది సారూ?"

"ఫోటో దిగేటప్పుడు బండి బయటికెందుకు రావాలె? అయిపోయినంక దిమ్మె తీసి రాయి గోడకు పెడ్దాం. సిమెంటు మాత్రం దండిగ వెయ్యి. రాయి పోయి పెద్దాయన మీద పడ్డదనుకో, మన బతుకులు బజార్ల పడ్తయి."

ఛాతీ ఎత్తు దిమ్మె లేచింది. దాని మీద రాయి, రాయికి వరంగల్ కాశిబుగ్గ నుంచి తెచ్చిన పచ్చటి తెర. దిమ్మెకు అటూ ఇటూ మనిషి నడవచ్చు, మేక దూరవచ్చు. బండికి మాత్రం దారి లేదు.

మర్నాడు తోరణాలు కడుతుంటే కబురొచ్చింది. పెద్దాయనకు వేరే పని తగిలింది, వచ్చే వారం చూద్దామన్నారు.

"ఇగ దిమ్మె తీసేద్దామా సారూ?" అన్నాడు యేసుదాసు.

"మల్ల వారానికి కట్టుడెందుకు? ఉండనీ."

"వారం దాక బండి లోపల్నేనా?" అతను నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "రూతమ్మకు నెలలు నిండినయి సారూ. తొలి కాన్పు. నా మనసు మనసుల లేదు."

రూతమ్మ అతని భార్య. పెళ్ళైన ఆరేళ్ళకు కడుపు పండింది. ఇది తెలిసి కూడా నేను పెద్దమనిషిలా అతని భుజం తట్టి, "ఏం ఫికర్ చెయ్యకు. వారంల ఎవరికేమయితది?" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నం, ఆఫీసులో కడుపు నిండా తిని కునుకు తీస్తున్నాను. యేసుదాసు చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"సారూ! పొద్దటి నుంచి రూతమ్మకు నొప్పులు. బిడ్డ ఎదురుకాళ్ళతోటి ఉన్నదట. సిస్టరమ్మ ఇప్పటికిప్పుడు వరంగల్ తీస్కపొమ్మంటాంది. బండి..."

అంతే, ఆగిపోయాడు. బండి దిమ్మె వెనక ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. తెల్లకాగితం ముందుకు లాక్కుని, "శిలాఫలకపు దిమ్మె తొలగింపునకు అనుమతి కోరుతూ" అని రాయడం మొదలుపెట్టాను. ఖర్మ కాలి చేతికి రాసే పెన్నే దొరికింది.

యేసుదాసు వెనకే దవాఖాన నర్సు సుగుణమ్మ వచ్చింది. మా అమ్మ ఈడుది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అంటుంది.

"ఏం రాస్తాన్నవ్ నాయినా?"

"పర్మిషన్ సిస్టరమ్మా. సర్కారు దిమ్మె గద, రేపెవరన్న అడిగితే..."

"నీ కాగితం పోయి వచ్చేదాక కడుపుల బిడ్డను కూసోమని చెప్పన్నా? లే! గడ్డపార పట్టు!"

నా సర్వీసులో అంత స్పష్టమైన ఆర్డరు మళ్ళీ అందుకోలేదు. లేచి పరుగెత్తాను.

మల్లయ్య పక్క ఊరికి పనికి పోయాడు. ఉన్నది యేసుదాసూ నేనూ, రెండు గడ్డపారలు. రూతమ్మను మంచం మీద మోసుకొచ్చి షెడ్డు పక్క నీడన దించారు. ఎడ్లబండి మీద పదిహేను మైళ్ళు పోవాలంటే పొద్దుగూకినా చేరరు. గడ్డపార వేస్తే దిమ్మె నుంచి నిప్పురవ్వ లేస్తోంది గాని పెచ్చు లేవడం లేదు. మల్లయ్య నా మాట అక్షరాలా విన్నాడు మరి.

"దానికేమన్న అయితే నేను బతకను సారూ" అని ఏడుస్తూ కొడుతున్నాడు యేసుదాసు. జీవితంలో అంత భయం అంతకు ముందెప్పుడూ ఎరగను. తెర జారిపోయి ఎదురుగా నల్లరాతి మీద నా పేరు మెరుస్తోంది. దాన్ని చూస్తే నా మీద నాకే ఒళ్ళు మండిపోయి, సరిగ్గా ఆ పేరు మీద బలమంతా పెట్టి ఒక్క పోటు పొడిచాను.

రాయి కదిలింది. కదిలి తిన్నగా వచ్చి నా కుడికాలి బొటనవేలి మీద పడింది.

నా కేకకు బందెలదొడ్డిలో బర్రెలు బదులిచ్చాయని ఊళ్ళో చెప్పుకున్నారు. అయితే రాయి ఊడిన చోట పగులిచ్చి దిమ్మె మాట విన్నది. యేసుదాసు పది పోట్లలో నేలమట్టం చేశాడు. వాడిపోయిన బంతిపూల దండతోనే బండి బయటికొచ్చింది. లోపల రూతమ్మ, ఆమె పక్కన సుగుణమ్మ, ఓ మూల వేలికి పచ్చటి తెర చుట్టుకుని నేను.

ఆ రోడ్డు మీద గుంటలు లెక్కలేనన్ని. ప్రతి గుంటకూ నేను "అమ్మో! నాయినో!" అని అరిచేవాణ్ణి. రూతమ్మ కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతోంది.

"కననీకి పోయేది ఎవరయ్యా? నువ్వా, ఆమెనా?" అని గదమాయించింది సుగుణమ్మ.

"వేలు సిస్టరమ్మా, వేలు!"

"పెద్ద దవాఖాన వచ్చేదాక నోరు మూస్కుంటవా, ఈన్నే దింపెయ్యమంటవా?"

దవాఖాన రానే వచ్చింది. ఎదురుగా స్ట్రెచరు తెచ్చారు. మీరు నమ్మరు, నేను కుంటుకుంటూ ముందుకెళ్ళి దాని మీద కూర్చున్నాను. సుగుణమ్మ చెవి పట్టుకుని దింపింది.

వరండాలో యేసుదాసు మోకాళ్ళ మీద కూచుని ప్రార్థన చేస్తున్నాడు. నేను కాలు చాపుకుని కూచుని, నోటికొచ్చిన దేవుళ్ళందరి పేర్లూ తలుచుకున్నాను. చాలాసేపటికి సుగుణమ్మ బయటికొచ్చి, "ఆడపిల్ల. తల్లీబిడ్డా మంచిగున్నరు. ఇంక జర ఆలస్యమైతే ఏమయితుండెనో ఏమో" అంది. నేను గోడకు ఆనుకుని బావురుమన్నాను. వేలు కోసమనుకుని ఎవరో మాత్ర తెచ్చిచ్చారు.

ఆ షెడ్డుకు ఓపెనింగ్ ఇక జరగనే లేదు. బండి మాత్రం ఆనాటి నుంచి అందులోనే ఉంది. ఒక్కరూ అదేమని అడగలేదు.

మర్నాడు కట్టుతో కుంటుకుంటూ రూతమ్మ మంచం దగ్గరికి వెళ్ళాను. దారి పొడుగునా క్షమాపణ మాటలు కూర్చుకున్నాను గాని, పిల్లను చూసేసరికి ఒక్కటీ నోటికి రాలేదు.

"తప్పంత నాదే రూతమ్మా..."

"మీ వేలెట్లున్నది సారూ?" అంది ఆమె.

"నా వేలు సంగతెందుకమ్మా ఇప్పుడు!"

"అట్లంటరేంది సారూ? నిన్న బండ్ల మీరు మొత్తుకుంటాంటే నాకు మస్తు భయమైంది. 'ప్రభువా, ముందుగాల ఈ సారు నొప్పి తగ్గియ్యి, నాది తర్వాత చూద్దువు' అని తొవ్వ పొడుగూత మొక్కిన."

అందుకని చదువరులారా, మీ అందరి సమక్షంలో, కుడికాలి బొటనవేలి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక ఎంత నొప్పి పుట్టినా సరే, పక్కన ఎవరున్నారో చూసి, వాళ్ళకెక్కడ ఎంత నొప్పిగా ఉందో కనుక్కున్న తర్వాతే అరుస్తాను. అది కూడా మెల్లగా.