కళ్లజోడు ఉన్నంతసేపూ టీచర్

ఆ ఇంట్లో ఉదయం తొమ్మిది కాగానే అమ్మ మాయమయ్యేది. వంటగదిలో చేతులు తుడుచుకుని, దగ్గరి చూపు కోసం చేయించుకున్న కళ్లజోడు పెట్టుకుని భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ టీచర్ అయిపోయేది. ముగ్గురు పిల్లలూ లేచి "గుడ్ మార్నింగ్ టీచర్" అనాల్సిందే. కళ్లజోడు తీసేదాకా అమ్మా అని పిలవకూడదు, ఆకలేస్తోందనకూడదు, అక్క గిల్లిందని చాడీలు చెప్పకూడదు.

ఈ చట్టం ఊరికే పుట్టలేదు. బడికి వెళ్లే బస్సు ఆగిపోయి ఇంట్లోనే చదువు మొదలుపెట్టిన కొత్తలో పిల్లలు ఆడింది ఆట, పాడింది పాట. భిన్నాల లెక్క ఎత్తుకోగానే ఒకరికి దాహం, ఇంకొకరికి కడుపునొప్పి. కళ్లజోడు వచ్చాక ముగ్గురూ దారికొచ్చారు. కాస్త ఎక్కువగానే వచ్చారని ఆవిడకు చాలా ఆలస్యంగా తెలిసింది.

లారీ నడిపే భర్త పదిరోజులకోసారి ఇంటికొస్తాడు. ఫోనులో అడిగేది ఒకటే, పిల్లలెలా చదువుతున్నారని. నువ్వెలా ఉన్నావని అడగాలని ఆ మనిషికి తోచదు. చెడ్డవాడేం కాదు, ముగ్గురు పిల్లలుండగా ఆవిడకు ఇంకేం తోడు కావాలనుకుంటాడు, అంతే. పక్కింటావిడ కూడా ఆ బాపతే. "నీకేమమ్మా, ఇల్లంతా సందడి" అనేసి గేటు వేసుకుని వెళ్లిపోతుంది. ఆ సందడిలో తనకోసం ఒక్క మాట లేదని చెప్పుకుందామంటే వినేవాళ్లేరీ?

కిందటిసారి వచ్చినప్పుడు భర్త కొత్త మాట ఒకటి అన్నాడు. వచ్చే నెల పరీక్షలో పెద్దమ్మాయి తప్పితే, ముగ్గుర్నీ తన అక్క ఇంట్లో ఉంచి అక్కడి బడిలో చేర్పిస్తానన్నాడు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఆ రోజు నుంచి పన్నెండింటికి తీయాల్సిన కళ్లజోడు నాలుగైనా ముక్కు మీదనే ఉండిపోయింది. కూరలు తరుగుతూ ఎక్కాలు, బట్టలు ఆరేస్తూ వ్యాకరణం. పిల్లలు తన దగ్గర ఉండాలనే ఈ పాట్లన్నీ. ఉన్నారు కూడా, బల్లకు అవతల.

ఓ మంగళవారం ఐదేళ్ల చిన్నది అక్షరాలన్నీ వంకరటింకరగా రాసింది. మళ్లీ రాయమంటే మళ్లీ వంకరే. ఎడమచేత్తో ఎందుకు రాస్తున్నావని గద్దిస్తే, కుడిచెయ్యి గౌనులో దాచుకుని కిక్కురుమనలేదు. ఈ మొండితనం ఎవరి పోలికో ఆవిడకు బాగా తెలుసు. ఆ మనిషి ఎక్కడో లారీ తోలుకుంటున్నాడు. ఇంకో పేజీ రాయమని చెప్పి పెద్దదాని లెక్కల వైపు తిరిగింది.

మూడు దాటాక చిన్నది బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆవిడ కుర్చీ పక్కన నిలబడి ఎంతో మర్యాదగా అడిగింది.

"టీచర్, మా అమ్మ ఎప్పుడొస్తుంది?"

రెండోవాడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"వచ్చేశానే" అంది.

అప్పుడు గానీ ఆ పిల్ల ఏడవలేదు. వెక్కిళ్లు పెడుతూ చెయ్యి బయటికి తీసింది. కళ్లజోడు లేక ఆవిడకు వేలు మసకగా కనిపించింది. పెట్టుకుందామని చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. పెట్టుకుంటే ఆ ఏడుపు మళ్లీ లోపలికి పోతుందేమోనని భయమేసింది.

"ఏమైందో నువ్వు చూసి చెప్పవే" అని పెద్దదాన్ని అడిగింది.

పెద్దది చూడకుండానే చెప్పింది. "తలుపు సందులో పడి నలిగిందమ్మా. గోరు నల్లబడింది. పొద్దున పదింటికే."

"మరి చెప్పలేదేం?"

"క్లాసు కదా."

ఆవిడ చిన్నదాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ వేలు చల్లనీళ్ల గిన్నెలో ముంచి పట్టుకుంది. పరీక్ష పోతే పోనీ అనుకునే ధైర్యం ఆవిడకు లేదు. పిల్లల్లేని ఇల్లు తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. కానీ తల్లి లేని ఇంట్లో ఈ పిల్లలు ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారో ఇప్పుడే లెక్కేసుకుంది. తనొక్కతే ఒంటరిదనుకుంది ఇన్నాళ్లూ.

"నాకు చెప్పనివి ఇంకా ఏమున్నాయి?" అని అడిగింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండోవాడు లేచి, బల్ల మీది కళ్లజోడు తీసుకెళ్లి అలమరలో పెట్టి, తలుపు వేసి వచ్చి కూర్చున్నాక గానీ నోరు విప్పలేదు.